హుల్దా పిన్నికి చెప్పకూడని సంగతి

రండి, ఇలా దగ్గరికి జరగండి. కాఫీ తాగుతూంటే గ్లాసు చేత్తో పట్టుకునే రండి. పోయిన వారం రానివాళ్ళుంటే వాళ్ళని ముందు కూర్చోబెట్టండి. వాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేసి కథలోకి పోతాను.

మన ఆర్డిస్ ఉండేది నోర్డాల్ అనే ఊళ్ళో, ఎప్పుడో పాత దేశం వదిలి సముద్రం దాటి వచ్చినవాళ్ళ ఊరది, అక్కడ వృద్ధాశ్రమంలో వంటమనిషి. అరవై ఆరేళ్ళది. ఏడేళ్ళప్పుడే తల్లి పోయింది, తండ్రి ఆ వెనకే పోయాడు, కట్టుకున్నవాడు పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. నా అనేవాళ్ళెవరూ లేని మనిషి. ఆ ఆశ్రమంలోనే హుల్దా అని తొంభై రెండేళ్ళ పెద్దావిడ ఉంది. ఆవిణ్ణి చూడ్డానికి అక్క కొడుకు సెల్మర్ ఆదివారం ఆదివారం వచ్చేవాడు. వచ్చినవాడు పిన్నితో పాటు ఆర్డిస్ కాచిన మీగడ జావ తాగాడు. ఆ మరుసటి ఆదివారమూ తాగాడు. ఆ తర్వాత బుధవారాలు కూడా పిన్ని మీద బెంగ పుట్టడం మొదలైంది. భార్య పోయిన రైతు, ఆవులూ మొక్కజొన్నా తప్ప మూడో మాట తెలియనివాడు, ఏడాది తిరిగేసరికి వంటింటి గుమ్మంలో టోపీ చేత్తో నలుపుకుంటూ పెళ్ళి మాట ఎత్తాడు. జూన్ మొదటి శనివారం అనుకున్నారు.

పెళ్ళి నాడు పాస్టర్ గారు పెద్దల పేర్లు చదువుతారు కదా, తన తల్లి వైపు చదవడానికి ఒక్క పేరైనా లేకపోతే ఎలా అని ఆర్డిస్ వంశావళి సంఘానికి వెళ్ళింది. అదే కొంప ముంచింది. సంఘం కార్యదర్శి వర్నా పాత చర్చి పుస్తకాల పేజీలకి ఫోటోలు తీసిన ఫిల్ములు తిప్పి తిప్పి పట్టుకుంది. ఆర్డిస్ తల్లి రాగ్నిల్డ్. ఆ రాగ్నిల్డ్ తండ్రి తోలెఫ్ బ్రెక్కె, తల్లి గున్‌హిల్డ్. తోలెఫ్ బ్రెక్కె అంటే నోర్డాల్‌లో తెలియనివాళ్ళుండరు. హుల్దాకి తండ్రి, సెల్మర్‌కి తల్లి వైపు తాత. మరి ఆయన భార్య సిగ్రిడ్ కదా, ఈ గున్‌హిల్డ్ ఎవరు? మొదటి భార్య అయ్యుంటుంది, ఆవిడ పోతే పిల్లని ఎవరికో ఇచ్చేసుంటాడు అని అందరూ కలిసి తేల్చేశారు. అంటే ఆర్డిస్ తల్లీ సెల్మర్ తల్లీ ఒక తండ్రి బిడ్డలు. అక్కచెల్లెళ్ళ పిల్లలంటే అన్నాచెల్లెలి వరసేగా. ఆ రాష్ట్రపు చట్టం కూడా ఒప్పుకోదు. కౌంటీ ఆఫీసులో, మన జిల్లా కచేరీ లాంటిదనుకోండి, చెయ్యెత్తి మేము ఆ వరస కాము అని ఒట్టు పెడితే గానీ పెళ్ళి కాగితం చేతికివ్వరు.

బ్రెక్కెవాళ్ళు మాత్రం ఆర్డిస్‌ని చర్చి మెట్ల మీదే కావలించుకుని, వాళ్ళ మామ్మ సిగ్రిడ్ వెండి పతకం ఆమె గౌనుకి గుచ్చి, ఇన్నాళ్ళకి మా ఇంటి పిల్ల దొరికింది అన్నారు. ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో మాటా అనుకున్నారు. ఈ సంగతి హుల్దా చెవిన మాత్రం పడకూడదు. తన తండ్రికి ముందో పెళ్ళాం ఉందనీ, కన్నకూతుర్ని ఊరు దాటించాడనీ వింటే ఆ వయసులో గుండె ఆగిపోతుంది.

అక్కడ ఆపాను కదూ. ఇక ఈ శనివారం సంగతి.

వంశావళి సంఘం పాత రైల్వే స్టేషన్లో ఉంటుంది. రైళ్ళు మానేశాక ఊరు ఆ గది వీళ్ళకిచ్చేసింది. టికెట్లమ్మిన కిటికీ దగ్గర ఇప్పుడు కాఫీ కుండ. గోడ పొడుగునా సొరుగులు. పేపర్లో వచ్చిన ప్రతి చావు కబురూ కత్తిరించి, పేరు రాసి అందులో పడేస్తారు. ఓ మూల ఫిల్ము చూసే మిషను. ఎండాకాలం వచ్చిందంటే సంఘం ఆడవాళ్ళూ మగవాళ్ళూ బ్రష్షులు పట్టుకుని సమాధుల తోటలకి పోయి, రాళ్ళ మీద నాచు తోమి పేర్లు రాసుకొస్తారు. ఊళ్ళో బతికున్నవాళ్ళ కంటే చచ్చినవాళ్ళ దగ్గరికే వీళ్ళ రాకపోకలు ఎక్కువ.

ఆర్డిస్ పొద్దున్నే వెళ్ళింది. పతకం రుమాల్లో చుట్టి సంచిలో వేసుకుంది.

"ఇంకోసారి చూడాలి వర్నా," అంది.

వర్నా ఒకప్పుడు టెలిఫోను ఆఫీసులో తీగలు కలిపిన మనిషి. అందుకే ఎవరి మాటకైనా మధ్యలో దూరడం ఆమెకి అలవాటు. "ఎన్నిసార్లు చూస్తావే. చూసిన కొద్దీ మారడానికి అదేమన్నా వాతావరణమా? కూర్చో. లెఫ్సె తిను, నిన్న కాల్చాను."

ఆ బంగాళాదుంప రొట్టె పంచదార చల్లి, చుట్ట చుట్టి చేతికిచ్చింది. ఆర్డిస్ తినలేదు. చేత్తో పట్టుకునే మిషను పిడి తిప్పింది. ఆ పేజీ వచ్చి నిలబడింది. రాగ్నిల్డ్, తండ్రి తోలెఫ్ బ్రెక్కె, తల్లి గున్‌హిల్డ్. ఎవరో పాత పాస్టరు ముచ్చటగా వంకీలు తిప్పి రాసిన అక్షరాలు. ఎంతసేపు చూసినా అవే.

తలెత్తితే ఎదురుగా గోడ మీద బ్రెక్కె వారి వంశవృక్షం. జూన్‌లో జరిగే వనభోజనాల కోసం దుప్పటంత కాగితం మీద వర్నా గీస్తున్నది. అందులో తోలెఫ్ పక్కన కొత్త కొమ్మ ఒకటి, దాని చివర తన పేరు.

"వర్నా, మీ సంఘంలో రెండు సాక్ష్యాలు దొరికేదాకా పెన్సిలే అంటావు కదా. ఇది సిరాతో ఉందేం?"

వర్నా కాఫీ కుండ వైపు తిరిగింది. "అదా... ఎన్నేళ్ళుగా నువ్వు ఎవరూ లేనిదానివని అనుకుంటున్నాం. ఒక్కసారిగా నీకింత చుట్టాలు దొరికేసరికి చెయ్యి ఆగలేదు. నాకూ సంతోషం ఉండదా ఏం?"

ఆర్డిస్‌కి మాత్రం లేదా? నిజమే, సంతోషమే. చర్చి మెట్ల మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు వరసపెట్టి కావలించుకుంటుంటే ఆమె సంచి మెట్టు మీద పెట్టేసి అందరి చేతులూ పట్టుకుంది. ఒకావిడ తన గడ్డం పట్టుకుని, అచ్చం మా బ్రెక్కె గడ్డమే అంది. అద్దంలో ఆ గడ్డాన్ని అరవై ఏళ్ళ పైన చూస్తోంది గానీ అది ఒకళ్ళ సొత్తని ఆమెకెన్నడూ తెలీదు. అరవై ఆరేళ్ళకి పుట్టిల్లు దొరికింది. దొరికిన పుట్టిల్లే పెళ్ళికొడుకుని లాక్కుంది. ఏ చేతిది వదులుకోమంటారు మీరైతే?

"ఇదంతా పొరపాటయ్యే దారేదైనా ఉందేమో చూడు," అంది ఆర్డిస్ నెమ్మదిగా. "పొరపాటు కావాలని కాదు. వద్దని కూడా కాదు. నాకేం కావాలో నాకే తెలియడం లేదు. పాస్టర్ గారు మాత్రం ఆదివారంలోపల తేల్చమన్నారు. లేకపోతే చర్చి వేరేవాళ్ళ పెళ్ళికిచ్చేస్తారట."

అప్పుడే బయట సెల్మర్ ట్రక్కు ఆగింది. వర్నా కిటికీలోంచి చూసి, చేతిలో కప్పు కింద పెట్టేసింది.

"ఒక్కడే రాలేదే. హుల్దా గారు కూడా."

ఇక చూడండి ఆ హడావుడి. వర్నా ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి, బల్ల మీది గుడ్డ కప్పులతో సహా లాగబోయి, కప్పులు తీసి, గుడ్డ లాగి, కుర్చీ ఎక్కి వంశవృక్షం మీద కప్పేసింది. కాఫీ మరకలున్న గళ్ళ గుడ్డ. ఆర్డిస్ ఫిల్ము మిషను లైటు తీసేసి దాని ముందు నిలబడింది, సరిగ్గా చెగోడీలు దొంగిలించి చేతులు వెనక్కి పెట్టుకున్న పిల్లలా.

హుల్దా నాలుగు కాళ్ళ ఊతం ముందు తోసుకుంటూ లోపలికొచ్చింది. తలకి రంగుల రుమాలు, కాళ్ళకి చర్చి బూట్లు. వెనకాల సెల్మర్, అక్షింతలు వేయించుకుని వస్తున్న మొహంతో.

"నేను ఒక్క మాట చెప్పలేదు," అన్నాడు ముందుగానే. "వెళ్ళేసరికి తనే వచ్చి ట్రక్కులో కూర్చుంది. దిగనంది."

హుల్దా గదంతా కలియజూసింది. గోడ దగ్గర చూపు ఆగింది.

"ఏమే వర్నా, గోడకి చలేస్తోందా?"

"సున్నం రాలుతోందండీ హుల్దా గారూ. పైన పడుతుందేమోనని..."

"అబద్ధం ఆడదలుచుకుంటే ముందు కాఫీ ఇచ్చి ఆడు. ఇలా నిలబెట్టి ఆడకు."

వర్నా కాఫీ పోసింది. పొడిలో గుడ్డు కొట్టి కాచే తేట కాఫీ అది, చర్చి కాఫీ. హుల్దా ఒక గుక్క తాగి, బాగుందన్నట్టు పెదవి చప్పరించి, ఆర్డిస్ వైపు తిరిగింది.

"పోయిన వారం నుంచి నేను భోజనాల గదిలోకొస్తే అందరూ వానల గురించే మాట్లాడుతున్నారు. నర్సు గంట గంటకీ వచ్చి నా నాడి చూస్తోంది. నువ్వేమో నా జావలో దాల్చినచెక్క వేసింది మరిచిపోయి మళ్ళీ వేస్తున్నావు. మొదట నేనే చచ్చిపోతున్నాను కాబోలు, నాకు తప్ప అందరికీ తెలిసింది అనుకున్నాను. ఎంత మంచి బట్టలు తీసి పెట్టుకున్నానో తెలుసా? తర్వాత మా ఎదురు గది ముసలాయన, చెవుడు కదా, తనకి రహస్యం చెప్పాలంటే అరిచి చెప్పాలి. వాళ్ళబ్బాయి అరిచి చెప్పాడు. నేనూ విన్నాను. సెల్మర్, ఆ గుడ్డ తియ్యి."

"పిన్నీ, డాక్టరు గారు నిన్ను..."

"తియ్యరా."

సెల్మర్ తీశాడు. హుల్దా ఊతం తోసుకుంటూ గోడ దాకా వెళ్ళి, కళ్ళజోడు నుదుటి మీదికెత్తి, ముక్కు కాగితానికి ఆనేంత దగ్గరగా పెట్టి చదివింది. వెనకాల ముగ్గురూ, పడితే పట్టుకోవడానికి చేతులు చాపి నిలబడ్డారు.

ముందు ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందని ఆర్డిస్ ఒకడుగు ముందుకేసింది. కాదు. నవ్వు. తొంభై రెండేళ్ళ నవ్వు, చప్పుడు లేకుండా మొదలై దగ్గులోకి దిగే నవ్వు.

"మా నాన్నకి గున్‌హిల్డ్‌ని కట్టబెట్టార్రా," అంది కళ్ళు తుడుచుకుంటూ. "మా అమ్మ ఉండుంటే మీ స్టేషను తగలబెట్టేది. మా నాన్న మా అమ్మనడక్కుండా మేకపిల్లకి పేరు కూడా పెట్టలేదు. ఆయనకి ముందో సంసారం, ఆవిడకి తెలీకుండా!"

"ఫిల్ములో స్పష్టంగా ఉందండీ," అంది వర్నా, కొంచెం నొచ్చుకుని. "మన చర్చే, మన పాస్టరు రాతే. రాగ్నిల్డ్, తోలెఫ్ బ్రెక్కె కూతురు అని."

"ఉంటుంది. ఎందుకుండదు? తోలెఫ్ బ్రెక్కె కూతురే మరి."

"నేనూ అదేగా అంటున్నది."

"ఏ తోలెఫ్?"

ఆ ముక్కకి వర్నా గోడ వైపు, ఆర్డిస్ మిషను వైపు, సెల్మర్ తన టోపీ వైపు చూశారు. హుల్దాకి అది నచ్చింది. సెల్మర్ జరిపిన కుర్చీలో కూర్చుని, బూట్లు సర్దుకుని, లెఫ్సె ముక్క ఒకటి అడిగి తీసుకుని, అప్పుడు చెప్పింది.

"తోలెఫ్‌లు ఇద్దరు. ఒకే ఓడలో వచ్చారు పాత దేశం నుంచి. ఒకడు మా నాన్న, పొలం ఆసామి కొడుకు. రెండోవాడు అదే పొలంలో పాలేరు కొడుకు. ఇక్కడికొచ్చాక కూడా మా నాన్న దగ్గరే పని చేశాడు. మా నాన్న పొడుగు, అతను పొట్టి. మా నాన్నని ఇంటి తోలెఫ్ అనేవాళ్ళు, అతన్ని కొట్టం తోలెఫ్ అనేవాళ్ళు. గుర్రాల కొట్టం పక్కన గుడిసెలో ఉండేవాడు. ఆ గుడిసె ఇల్లాలే గున్‌హిల్డ్."

"మరి అతనూ బ్రెక్కె ఎలా అయ్యాడు?" అన్నాడు సెల్మర్.

"వర్నాని అడుగు. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి రోజే చెప్తుంది. నాకూ చెప్పింది ఒకసారి, నేనడక్కపోయినా."

వర్నా మొహం బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. పాఠం అప్పజెప్పే పిల్లలా, నేల చూస్తూ చెప్పింది. "పాత దేశంలో ఇంటిపేరు రక్తానిది కాదు, పొలానిది. ఆ పొలంలో ఎవరు కాపురముంటే వాళ్ళకి ఆ పొలం పేరు. ఆసామికీ అదే, పాలేరుకీ అదే. పేరు కలిసిందని చుట్టరికం కలపకండి అని..." అక్కడ ఆగిపోయింది. "నేనే చెప్తాను. ప్రతి వారం చెప్తాను."

మనకి ఇంటిపేరంటే ఎక్కడికి పోయినా వెంటవచ్చే నీడ. ఒక ఇంటిపేరువాళ్ళు ఎదురైతే అన్నయ్యా అని పలకరించేస్తాం. వీళ్ళ పాత దేశంలో అది గుమ్మంలో విడిచిన చెప్పులాంటిది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళే అది తొడుక్కోవడం. సముద్రం దాటి ఇక్కడికొచ్చాక మాత్రం ఎవరు తొడుక్కొచ్చింది వాళ్ళ కాళ్ళకి అంటుకుపోయింది. తరాలు గడిచేసరికి అందరూ అదే రక్తం అనుకోవడం మొదలెట్టారు. వర్నా అంతటిది కూడా, ఖాళీ కొమ్మ చూసేసరికి, తను చెప్పే పాఠం తనే మరిచిపోయింది.

సెల్మర్‌కి బుర్రలోకి ఎక్కడానికి కాస్త టైము పట్టింది. "అయితే పిన్నీ, నేనూ ఆర్డిసూ..."

"ఏమీ కారు. ఆవుకీ గుర్రానికీ ఉన్నంత చుట్టరికం. ఒక కొట్టంలో మేశాయి, అంతే."

అతను టోపీ పెట్టుకున్నాడు. తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "జూన్ మొదటి శనివారానికి మొక్కజొన్న నాటడం ఎలాగూ అయిపోతుంది," అన్నాడు ఆర్డిస్‌తో. అతని నోట్లోంచి అంతకంటే తియ్యటి మాట అంతకుముందు రాలేదు, ఇకముందు వస్తుందన్న నమ్మకమూ లేదు.

ఆర్డిస్ నవ్వలేదు. మిషను ముందు కుర్చీలో కూర్చుండిపోయింది. గడ్డం మీద చెయ్యేసుకుంది. ఇది బ్రెక్కె గడ్డం కాదన్నమాట. ఎవరి గడ్డమో మళ్ళీ.

"హుల్దా గారూ," అంది, "మరి మా అమ్మని మీరు చూశారా?"

"చూడ్డమేమిటే. మీ అమ్మ చంకలో పెరిగాను నేను." హుల్దా చేతిలో లెఫ్సె పక్కన పెట్టింది. "అయిదేళ్ళొచ్చినా నడవనని మారాం చేసేదాన్ని. మీ అమ్మకి పదకొండో పన్నెండో. ఆవుల్ని తోలుకురావడానికి వెళ్తూ నన్ను చంకనేసుకుని పోయేది. నా బరువుకి ఒక పక్కకి వంగిపోయి నడిచేది. అక్కడ కంచె గుంజ మీద కూర్చోబెట్టి, దిగావంటే ఎద్దు నీ బూట్లు తినేస్తుంది అనేది. కాళ్ళు కాదు, బూట్లు. నాకు బూట్లంటే ప్రాణమని తెలుసు దానికి. ఈల వేసేది మీ అమ్మ. ఆడపిల్ల ఈలేమిటని మా అమ్మ కసిరేది. అది సరేనని తలూపి, కొట్టం మలుపు తిరగ్గానే మళ్ళీ అందుకునేది. ఆవులు ఎక్కడున్నా తలలెత్తేవి."

ఆర్డిస్‌కి తన తల్లి అంటే ఒక మంచం, ఒక దగ్గు, తలుపు దగ్గరే ఉండు లోపలికి రాకు అనే గొంతు. అంతే ఉండేది ఇన్నేళ్ళూ. ఈల వేసే పిల్ల ఎవరో ఆమెకి తెలీదు. ఇప్పుడా పిల్ల ఒక పక్కకి వంగి, చంకలో ఈ ముసలావిణ్ణి మోసుకుంటూ పచ్చిక మీద నడిచి వస్తోంది. ఆర్డిస్ కళ్ళొత్తుకుంది, ఆ వెంటనే నవ్వింది కూడా.

తర్వాత సంచిలోంచి రుమాలు తీసి, మడత విప్పి, పతకం హుల్దా ఒళ్ళో పెట్టింది. "ఇది మీ అమ్మగారిది. మీవాళ్ళు చుట్టాన్నని ఇచ్చారు. చుట్టాన్ని కానుగా."

హుల్దా దాన్ని వెలుగుకి పెట్టి చూసింది. దాని చిన్న చిన్న వెండి ఆకులు గలగలమన్నాయి.

"ఒక లెక్క చెప్తాను విను. ఆ గోడ మీద గీసిన చెట్టు నిజమైతే నేను నీకు పిన్నిని. సెల్మర్‌ని చేసుకుంటే చిన్నత్తగారిని. పిన్నిగా నేనెవరికీ పనికిరాలేదు, వీణ్ణడుగు. అత్తరికం మాత్రం నాకు బాగా నప్పుతుంది. దేవుడు నాకు పిల్లల్నివ్వక ఆ ముచ్చట తీరలేదు." పతకం తిరిగి ఆర్డిస్ గౌనుకి గుచ్చింది, కొంచెం వంకరగా. "పెళ్ళికి ఇది పెట్టుకునే రా. అలా కాదంటే జావ మానేస్తాను."

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండును. వర్నా గొంతు సవరించుకుంది.

"క్షమించాలండీ హుల్దా గారూ. మీరు చెప్పింది నిజమేనని నా మనసు చెప్తోంది. పోయినసారీ మనసే చెప్పింది. నోటిమాట పెన్సిలే. సిరా పెట్టాలంటే రాయి చూపించాలి. పాస్టర్ గారూ అదే అడుగుతారు, కౌంటీ ఆఫీసులో చెయ్యెత్తేది వీళ్ళు కదా. మా సమాధుల చిట్టాలో తోలెఫ్ బ్రెక్కె ఒక్కడే ఉన్నాడు."

సెల్మర్ ఏదో అనబోయాడు. హుల్దా ఊతంతో అతని కాలు మీద పొడిచింది. "దాన్ననకు. ఇవాళ అది సరిగ్గా ఉంది. వర్నా, మీరు చదివింది మా నాన్న రాయి. నడిమధ్యన, అందరికీ కనబడేలా. పాలేర్లని అక్కడ పెట్టరు. ఉత్తరపు కంచె వారన చూశారా?"

"అక్కడంతా ఊదా పూల లైలాక్ పొదలండీ. కందిరీగల గూడుందని మావాళ్ళు లోపలికి పోలేదు."

"ఒక్క కందిరీగకి భయపడి ఇంత పెళ్ళి ఆపారు. పదండి."

చర్చి వెనక సమాధుల తోట మధ్యాహ్నపు ఎండలో ఆకుపచ్చగా వెలుగుతోంది. లైలాక్ పూత మొదలైంది. హుల్దా ఊతం గడ్డిలో దిగబడుతుంటే సెల్మర్ ఆవిణ్ణి ఏకంగా ఎత్తుకోబోయాడు. "నేను చంకనెక్కే రోజులు పోయాయి," అని ఆవిడ విదిలించుకుని తనే నడిచింది. ఉత్తరపు కంచె దాకా వచ్చి, కళ్ళు చికిలించి, ఒక పొద వైపు గడ్డంతో చూపించింది. సెల్మర్ కాలర్ పైకెత్తుకుని, ముడుచుకుని, కొమ్మలు రెండు చేతులా పక్కకి నెట్టాడు.

లోపల ఇనప సిలువ. రాయి కాదు, కమ్మరివాడు కొలిమిలో సాగదీసి చేసినది. మధ్యలో చిన్న రేకు, దాని మీద ఉలితో కొట్టిన అక్షరాలు.

వర్నా మంచి పావడాతోనే గడ్డిలో మోకాళ్ళ మీద కూలబడి, పైకి చదివింది. "తోలెఫ్ బ్రెక్కె. ఆయన భార్య గున్‌హిల్డ్." కింద ఉన్న సంవత్సరాలు చదివి, సంచిలోంచి కాగితాలు తీసి, ఒకదానితో ఒకటి సరిచూసుకుంది. పెదవులు కదిలాయి. తర్వాత తలెత్తింది. "ఇంటి తోలెఫ్ కంటే చాలా ముందే పోయాడు. మనిషి వేరు. రాగ్నిల్డ్ తల్లి పేరు కలిసింది." జేబులోంచి పెన్ను తీసి, మూత నోటితో లాగి పట్టుకుంది. "సిరా," అంది.

సెల్మర్ కొమ్మలు వదిలేసి ఆర్డిస్ చెయ్యి పట్టుకున్నాడు. కొమ్మలు వచ్చి అతని వీపున కొట్టాయి, అతనికి తెలిసినట్టు లేదు. హుల్దా చర్చి గోపురం వైపు తిరిగింది. "నాకు చూపానదులే, కానీండి," అంది.

ఆర్డిస్ వంగి, తన తాత పేరు మీద చెయ్యి పెట్టింది. చర్చిలో చదివించడానికి ఒక పేరు కావాలనుకుంది, రెండు దొరికాయి. సిలువ అడుగున గాజు సీసా, అందులో పసుపు పూలు. నీళ్ళు తేటగా ఉన్నాయి. పూలు వాడలేదు.

"మీరు పెట్టించారా ఇవి?" అంది వెనక్కి తిరిగి.

"నేనా? నేనిటు వచ్చి పదేళ్ళ పైనయింది," అంది హుల్దా. "కొట్టం తోలెఫ్ ఇక్కడున్నాడని బతికున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. తల్లీ తండ్రీ పోయాక మీ అమ్మని దూరపు ఊరివాళ్ళెవరో తీసుకెళ్ళారు. ఇంకెవరూ లేరు వాళ్ళకి."

"పిల్లలు ఇంకెవరూ పుట్టలేదాండీ?" అంది వర్నా.

హుల్దా వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "గున్‌హిల్డ్ పురిట్లో పోయింది. మగపిల్లాడు. వాడూ తల్లితోనే పోయాడని మా అమ్మ చెప్పింది."

వర్నా ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. రేకు మీదికి మళ్ళీ వంగింది. కింద చూసింది, వెనక వైపు చూసింది, గడ్డి తప్పించి చూసింది.

"తల్లితో పోయిన పసిబిడ్డని ఈ తోటలో తల్లి పేరు కిందే చెక్కుతారు. పేరు పెట్టకపోయినా 'బిడ్డ' అని చెక్కుతారు. నేనిక్కడ చదివిన వాటిల్లో ఒక్కటి కూడా అలా వదల్లేదు," అంది నెమ్మదిగా. "ఇక్కడ లేదు."

ఆర్డిస్ సిలువ మీద నుంచి చెయ్యి తీసింది. అరచెయ్యి నల్లగా ఉంది. వేలితో వేలు రుద్ది చూసింది. జిగురుగా సాగింది. ఎవరో ఆ సిలువకి కొత్తగా రంగు వేశారు. అదింకా ఆరలేదు.

చూశారా, ఆ నల్లటి అరచేతిని అలాగే చాపి పట్టుకుని నిలబడి ఉంది పిచ్చిది. ఇవాళ్టికి అక్కడే ఉండనివ్వండి దాన్ని. మీరు మాత్రం విన్నదాంట్లో ఒక్క ముక్క జారకుండా గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్ళాక, ఆ రంగు ఆరేలోపల, ఎవరో ఒకరిని కూర్చోబెట్టి చెప్పండి.